మాత్ర ఆపిన సిస్టర్

మే నెల, ఉదయం ఎనిమిది గంటలు. విజయవాడలో ఆ టైముకే ఎండ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. వార్డులో ఫ్యాన్లు తిరుగుతున్నాయి కానీ వేడి గాలే కొడుతోంది. సిస్టర్ మందుల ట్రే తీసుకుని అమ్మమ్మ మంచం దగ్గరకి వచ్చారు. మాత్రలు మింగించి పక్క మంచానికి వెళ్ళిపోతారనుకున్నా. వెళ్ళలేదు. స్టెతస్కోప్ అమ్మమ్మ గుండె మీద ఆనించి, చేతి వాచీ వైపు చూస్తూ నిలబడ్డారు. పది సెకన్లు కాదు, పదిహేను కాదు, పూర్తిగా ఒక నిమిషం.

నా జేబులో పల్స్ ఆక్సీమీటర్ ఉంది. కరోనా టైములో కొన్నది. "సిస్టర్, ఇది వేలికి పెడితే ఐదు సెకన్లలో నంబర్ వచ్చేస్తుంది కదా" అన్నాను, ఏదో కొత్తది కనిపెట్టినవాడిలా.

"మామ్మగారి గుండె లయ తప్పి కొట్టుకుంటోంది బాబూ. కొన్ని దెబ్బలు వేలి దాకా రావు. అందుకే గుండె దగ్గరే వినాలి, నిమిషం మొత్తం లెక్కపెట్టాలి" అన్నారావిడ. తర్వాత అమ్మమ్మ వైపు తిరిగి, "టిఫిన్ తిన్నారా మామ్మగారూ?" అని అడిగారు.

"ఏదీ సయించట్లేదమ్మా. ఇడ్లీ చూస్తేనే వికారంగా ఉంది."

సిస్టర్ ఒక్క క్షణం ఆగి, కప్పులోంచి రెండు మాత్రలు తీసి పక్కన పెట్టేశారు. "పల్స్ 52 ఉంది. ఈ రెండూ ఇప్పుడు ఇవ్వను. డాక్టర్‌గారికి ఫోన్ చేస్తాను" అని కేస్ షీట్‌లో రాసుకుని వెళ్ళారు.

అప్పటిదాకా నా లెక్కలో నర్సు అంటే టైముకి మందులు ఇచ్చే మనిషి. టైముకి ఇవ్వాల్సిన మందుని ఆపడం కూడా ఆవిడ పనేనని ఆ రోజే తెలిసింది. ఆ రెండు మాత్రలూ అలవాటుగా మింగించేసి ఉంటే ఏమయ్యేదో తర్వాత డాక్టర్‌గారు చెప్తుంటే నాకు చెమటలు పట్టాయి. ఎందుకంటే అమ్మమ్మ ఆ మంచం మీదకి రావడానికి కారణం నేనే.

బగ్ నాదే

అమ్మమ్మకి 74 ఏళ్ళు. అమ్మానాన్నలతో సింగ్ నగర్‌లో ఉంటుంది. పదేళ్ళుగా బీపీ. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ, రోజూ రాత్రి వీడియో కాల్‌లో "మందులు వేసుకున్నావా?" అని అడిగే టైపు మనవణ్ణి. "వేసుకున్నానురా" అనేది. నా డ్యూటీ అయిపోయేది.

2024 సెప్టెంబర్ 1 మీకు గుర్తుండే ఉంటుంది. బుడమేరు పొంగి సింగ్ నగర్‌ని ముంచేసిన ఆదివారం. మా ఇల్లు గ్రౌండ్ ఫ్లోర్. అమ్మావాళ్ళు కట్టుబట్టలతో పైవాటా వాళ్ళింటికి ఎక్కారు. మందుల డబ్బా నీళ్ళలో పోయింది. రెండో రోజు రాత్రికి అమ్మమ్మకి గుండె దడ మొదలైంది. ఆవిడ వాడే వాటిలో మెటోప్రొలాల్ ఒకటి. గుండె వేగాన్ని అదుపులో ఉంచే బీటా బ్లాకర్ అది. దాన్ని ఉన్నట్టుండి ఆపేస్తే గుండె పగ్గాలు వదిలిన గుర్రంలా పరిగెడుతుంది, బీపీ కూడా ఎగదన్నుతుంది. ఈ సంగతి మాలో ఎవరికీ తెలియదు. డ్రోన్లతో ఆహారం, మందులు జారవిడుస్తున్న వీడియోలు నేను హైదరాబాద్‌లో కూర్చుని చూస్తున్నాను. ఏ మందు కావాలని అడగాలో మాత్రం మా ఇంట్లో ఒక్కరికీ తెలియదు. చివరికి పడవలో బయటికొచ్చి మెడికల్ క్యాంపుకి వెళ్తే, "ఏం మందులు వాడతారమ్మా?" అన్నారు. అమ్మ చెప్పిన సమాధానం: "ఒకటి తెల్లది, చిన్నది. ఇంకోటి లేత ఎరుపు."

ఇంకెప్పుడూ ఇలా జరగకూడదని నేను నడుం కట్టాను. పాత మందుల చీటీ ఫోటో తెప్పించి, మందుల యాప్‌లో ఎక్కించి, నెలనెలా వాటంతట అవే ఇంటికొచ్చేలా సెట్ చేశాను. సంక్రాంతి ముందు అమ్మమ్మకి ఆయాసం వస్తే ఆసుపత్రిలో చేర్చారు. గుండె లయ తప్పిందని, గుండె పంపు చేసే బలం తగ్గిందని చెప్పి కొత్త మందులు రాశారు. ఆ డిశ్చార్జ్ కాగితం కూడా నేనే యాప్‌లో ఎక్కించాను. పాతవి తీసేయలేదు. వాటి కింద కొత్తవి చేర్చాను.

పాత చీటీలో టెల్మిసార్టన్ ఒక కంపెనీ పేరుతో ఉంది. కొత్త కాగితంలో అదే టెల్మిసార్టన్ ఇంకో కంపెనీ పేరుతో ఉంది. డబ్బాలు వేరు, రంగులు వేరు. అమ్మమ్మ బుద్ధిగా రెండూ వేసుకుంది, నాలుగు నెలలపాటు. చలికాలంలో ఎలాగో నెట్టుకొచ్చింది. మే ఎండలకి ఒళ్ళు చెమటలతో ఆరిపోతుంటే, పైగా ఒంట్లో నీరు తీసేసే మాత్ర కూడా వేసుకుంటుంటే, బీపీ దిగిపోయింది. ఒకరోజు తెల్లవారుజామున బాత్‌రూమ్‌కి లేచి, గుమ్మం దగ్గర కళ్ళు తిరిగి పడిపోయింది. రక్తం పల్చబడే మాత్ర వాడుతున్న మనిషి. తలకి స్కాన్ తీసి "ఏం లేదు" అనేదాకా మా నాన్న కూర్చోలేదు.

ఈ రెండు పేర్ల సంగతి పట్టుకున్నదీ ఆ సిస్టరే. చేరిన రోజు సాయంత్రం, "ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక కవర్లో వేసి తీసుకురండి" అన్నారు. మంచం మీద పరిచి, స్ట్రిప్పులు ఒక్కోటీ తిప్పి చదివి, రెండిటిని పక్కపక్కన పెట్టారు. "ఇవి రెండూ ఒకటే మందు. ఎవరు తెస్తున్నారు?"

"నేనే సిస్టర్" అన్నాను.

తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఒకదాని వెనక ఒకటి

డాక్టర్‌గారు తర్వాత విడమరిచి చెప్పారు. బీపీ బాగా పడిపోయి, ఒంట్లో నీరు తగ్గితే కిడ్నీలకి రక్తం సరిగ్గా అందదు. డిగాక్సిన్ అనే గుండె మాత్ర ఒంట్లోంచి బయటికి పోయేది ఎక్కువగా కిడ్నీల ద్వారానే. కిడ్నీ నెమ్మదిస్తే ఆ మందు లోపలే పేరుకుంటుంది. పేరుకుంటే పల్స్ పడిపోతుంది, వికారం వస్తుంది, అన్నం సయించదు. కొందరికి చూపు పసుపు పచ్చగా కూడా మారుతుంది. సిస్టర్ టిఫిన్ గురించి అడిగింది మర్యాదకి కాదన్నమాట.

డిగాక్సిన్ మూలం ఫాక్స్‌గ్లోవ్ అనే మొక్కలో ఉంది. విలియం విదరింగ్ అనే ఇంగ్లండ్ డాక్టర్ 1785లోనే దాని మీద పుస్తకం రాశాడు. మందు ఇస్తూ పల్స్‌నీ, కడుపునీ గమనించాలని, తేడా కనిపించగానే ఆపాలని అప్పుడే చెప్పాడు. 240 ఏళ్ళ తర్వాత విజయవాడ వార్డులో సిస్టర్ చేసింది సరిగ్గా అదే.

మా ఆఫీసులో కోడ్ లైవ్‌లోకి పంపేసి ఇంటికెళ్ళిపోతే ఊరుకోరు. పంపాక కూర్చుని గమనించాలి, ఎర్రర్లు పెరిగితే వెనక్కి తీసుకోవాలి. ఆ పని నాకు వారానికోసారి ఉంటుంది. అయినా అమ్మమ్మ ఒంట్లోకి రోజూ ఏడు మాత్రలు పంపించి, ఏం జరుగుతోందో ఒక్కసారి కూడా చూడలేదు.

ఏ మాత్రకి ఏం చూడాలి?

డిశ్చార్జ్ అయ్యే లోపు సిస్టర్ దగ్గర కూర్చుని నోట్స్ రాసుకున్నాను. ఆవిడ చెప్పినవి, డాక్టర్‌గారు ఖాయం చేసినవి మీకోసం ఇక్కడ పెడుతున్నా. ఇవి చదివి మీ ఇంట్లో మందులు మార్చకండి. ఏం గమనించాలో, ఎప్పుడు ఫోన్ చేయాలో తెలుసుకోవడానికే ఇవి.

మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి బీటా బ్లాకర్లు, డిగాక్సిన్: వేసే ముందు పల్స్ చూడాలి. సాధారణంగా 60 కంటే తక్కువ ఉంటే మాత్ర ఆపి డాక్టర్‌ని అడుగుతారు. కొందరికి డాక్టర్ వేరే అంకె చెప్తారు, దాన్ని అడిగి రాసుకోండి. బీటా బ్లాకర్‌ని మీ అంతట మీరు ఒక్కసారిగా మానేయకూడదు. షుగర్ కూడా ఉన్నవాళ్ళకి ఇంకో చిక్కుంది. షుగర్ పడిపోతే మామూలుగా వచ్చే గుండె దడని ఈ మందు కప్పేస్తుంది. కాబట్టి ఊరికే చెమటలు పడుతుంటే వెంటనే షుగర్ చూడండి.

ఎనలాప్రిల్, రామిప్రిల్: కొందరికి పొడి దగ్గు వస్తుంది. నెలల తరబడి దగ్గు టానిక్కులు తాగేవాళ్ళున్నారు, కారణం బీపీ మాత్ర అని తెలియక. పెదాలు, నాలుక, ముఖం వాస్తే మాత్రం ఆలోచించకుండా ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే.

టెల్మిసార్టన్ లాంటివి: పైన చెప్పిన రెండిటిలాగే ఇవి కూడా ఒంట్లో పొటాషియం పెంచగలవు. అందుకే డాక్టర్ అప్పుడప్పుడూ రక్తపరీక్ష రాస్తారు. "బాగానే ఉన్నాగా, ఎందుకు దండగ" అని ఎగ్గొట్టొద్దు.

ఆమ్లోడిపిన్: చీలమండల దగ్గర వాపు రావచ్చు. కాళ్ళ వాపు గుండె నీరసం వల్ల కూడా వస్తుంది. ఏది ఎందుకో డాక్టర్ తేల్చాలి, మనం కాదు.

ఫ్రూసెమైడ్, టోర్సెమైడ్ లాంటి నీటి మాత్రలు: వీటిని సాధారణంగా పొద్దున్నే ఇస్తారు. రాత్రి వేస్తే నాలుగుసార్లు బాత్‌రూమ్‌కి లేవాలి, ఆ లేవడంలోనే పడిపోతారు. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళు రోజూ పొద్దున్నే, టిఫిన్‌కి ముందు, ఒకే మిషన్ మీద బరువు చూసుకోవాలి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, ఒంట్లో చేరిన నీరు. ఆయాసం వచ్చేదాకా ఆగకుండా ఫోన్ చేయాలి.

గుండె నొప్పికి నాలుక కింద పెట్టుకునేది: ముందు కూర్చుని, అప్పుడు పెట్టుకోవాలి. నిలబడి పెట్టుకుంటే బీపీ దిగి పడిపోతారు. ఇది వాడేవాళ్ళు సిల్డెనాఫిల్ లాంటి మాత్రలు వేసుకుంటే ప్రాణం మీదకి వస్తుంది. సిగ్గుపడి డాక్టర్ దగ్గర దాచొద్దని మీ బాబాయిలకీ మావయ్యలకీ ఎలాగోలా చెప్పండి.

స్టెంట్ వేసినవాళ్ళ ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్: పన్ను పీకించుకోవాలన్నా, గుండె డాక్టర్‌ని అడక్కుండా ఒక్క రోజు కూడా ఆపకూడదు. విరేచనం తారులా నల్లగా వస్తే వెంటనే చెప్పాలి. వార్ఫరిన్ రకం మాత్రలు వాడేవాళ్ళు ఒక వారం రోజూ ఆకుకూర, ఇంకో వారం అస్సలు లేకుండా తినకూడదు. ఎప్పుడూ ఒకే తీరుగా తినాలి.

వీటన్నిటికీ ఉమ్మడి సూత్రం ఒకటుంది. మంచం మీంచి ఒక్కసారిగా లేవకూడదు. పక్కకి తిరిగి, కాళ్ళు కిందకి వేసి, కాసేపు కూర్చుని, అప్పుడు లేవాలి. సిస్టర్ అమ్మమ్మకి పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డాక ఒకసారి బీపీ చూసేవారు. నిలబడినప్పుడు పై అంకె 20 గానీ అంతకంటే ఎక్కువ గానీ తగ్గితే డాక్టర్‌కి చెప్పేవారు. మా ఇంట్లో ఈ పరీక్ష ఒక్కసారి చేసి ఉన్నా అమ్మమ్మ పడేది కాదేమో.

బీపీ మిషన్‌ని తప్పు పట్టకండి

మా నాన్న బీపీ చూసే పద్ధతి ఇది: అమ్మమ్మ వంటింట్లోంచి వస్తుంది, నిలబడే చెయ్యి చాపుతుంది, జాకెట్ చేతి మీదే పట్టీ చుడతారు, టీవీ సీరియల్ గురించి మాట్లాడుకుంటూ బటన్ నొక్కుతారు. 168 వస్తుంది. "అమ్మో" అని ఇంకో మాత్ర వేయాలా అని నాకు ఫోన్.

సిస్టర్ పద్ధతి: కాఫీ తాగి అరగంట దాటాలి. బాత్‌రూమ్‌కి వెళ్ళి రావాలి. వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. చెయ్యి బల్ల మీద, గుండె ఎత్తులో. పట్టీ నేరుగా చర్మం మీద. మాట్లాడకూడదు. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాయాలి. మణికట్టుకి పెట్టే మిషన్ కంటే దండకి చుట్టేది నయం. ఇంటికొచ్చాక అలా చూస్తే అమ్మమ్మకి 134 వచ్చింది. ఏ మందూ మార్చలేదు. మార్చింది కుర్చీ ఒక్కటే.

ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం 2023లో చెప్పిన లెక్క ప్రకారం మన దేశంలో పెద్దవాళ్ళలో 35.5 శాతం మందికి బీపీ ఉంది. అంటే ఇది చదువుతున్న మీ ఇంట్లోనో పక్కింట్లోనో కచ్చితంగా ఒకరుంటారు. వాళ్ళ అంకె సరిగ్గా చూస్తున్నారో లేదో ఒకసారి గమనించండి.

ఆవకాయ, ఎండ, కొబ్బరి నీళ్ళు

ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి ఉప్పు 5 గ్రాముల లోపే అంటుంది. ఒక టీ స్పూను కూడా నిండదు. కృష్ణా జిల్లాలో పుట్టిన మనిషికి ఈ మాట చెప్పడం ఎంత కష్టమో ఊహించండి. "ఉప్పు తగ్గించాను కదరా, కూరలో వేసుకోవట్లేదు" అంటుంది అమ్మమ్మ, కంచంలో ఆవకాయ, పక్కన ఊరమిరపకాయలు, అప్పడం పెట్టుకుని. సిస్టర్ ఇక్కడ కూడా గట్టిగా కసరలేదు. "మామ్మగారూ, అన్నీ ఒకరోజే వద్దు. ఆవకాయ తిన్న రోజు అప్పడం వద్దు, అదీ ముక్క నాకి వదిలేయండి" అని బేరం పెట్టారు. బేరం కుదిరింది. పూర్తిగా మానేయమని ఉంటే దొంగచాటుగా తినేది.

మనం మంచి చేస్తున్నామనుకుని చేసే తప్పులు కొన్నున్నాయి. "సోడియం తక్కువ" ఉప్పు ప్యాకెట్లలో చాలావాటిలో పొటాషియం కలుపుతారు. ఎండలకి రోజుకి రెండు కొబ్బరి బోండాలు తాగిస్తాం, వాటిలోనూ పొటాషియం ఉంటుంది. టెల్మిసార్టన్ వాడుతూ కిడ్నీ కాస్త నెమ్మదిగా ఉన్నవాళ్ళకి ఇవి మంచివి కావు. ఎండదెబ్బకి ఓఆర్ఎస్ తాగమంటారు, దాంట్లో ఉప్పు ఉంటుంది. గుండె డాక్టరేమో నీళ్ళు కొలిచి తాగమంటారు. మరి మే నెలలో ఏం చేయాలి? వేసవి మొదలయ్యే ముందే డాక్టర్‌ని అడగాలి: రోజుకి ఎన్ని నీళ్ళు, విరేచనాలో వాంతులో అయితే ఏ మాత్ర ఆపాలి, ఎవరికి ఫోన్ చేయాలి. ఈ ప్రశ్న మేము మార్చిలో అడగలేదు. మేలో జవాబు దొరికింది.

మోకాళ్ళ నొప్పులకి షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి మాత్రలు బీపీ పెంచుతాయి, కిడ్నీని ఇబ్బంది పెడతాయి. గ్యాస్‌కి నీళ్ళలో వేసుకుని తాగే పొంగే పొడిలో కూడా సోడియం ఉంటుంది. ఇవి "మందులు" అని మనవాళ్ళు అనుకోరు. అందుకే డాక్టర్‌కి చెప్పరు.

ఇంట్లో నర్సు ఎవరు?

ఆసుపత్రిలో నాలుగు రోజులు. డిగాక్సిన్ ఆపి, రక్తపరీక్షలు చూసి, తర్వాత డోసు తగ్గించారు. రెండు టెల్మిసార్టన్లలో ఒకటి తీసేశారు. అమ్మమ్మ లేచి నడిచింది, ఇడ్లీ తింది, కాఫీలో పంచదార తక్కువైందని గొడవ పెట్టింది. మాకు అదే పండగ.

వెళ్ళే ముందు సిస్టర్ అమ్మని పక్కన కూర్చోబెట్టి మణికట్టు మీద నాడి పట్టుకోవడం నేర్పించారు. మూడు వేళ్ళు, బొటనవేలు మాత్రం వాడకూడదు, నిమిషం మొత్తం. గుండె మీద విన్నంత కచ్చితం కాకపోయినా, బాగా తగ్గితే తెలిసిపోతుందన్నారు. అమ్మ ఐదుసార్లు తప్పు చెప్పి ఆరోసారి సరిగ్గా చెప్పింది. నేను ఫోన్‌లో వీడియో తీస్తుంటే ఆవిడ అన్న మాట: "వీడియో తర్వాత బాబూ, ముందు నువ్వూ నేర్చుకో."

మనలో చాలామంది హైదరాబాద్, బెంగళూరు, డాలస్ నుంచి యాప్‌లతో ఇంటిని నడిపిస్తున్నాం. మందులు పంపడం, డబ్బు కట్టడం, రిమైండర్ పెట్టడం మన వంతు. గమనించే పని మాత్రం ఎప్పుడూ అమ్మదో, పిన్నిదో, ఇంట్లో ఉండే ఎవరో ఒక ఆడమనిషిది. వాళ్ళకి ఏం గమనించాలో ఎవరూ చెప్పరు. ఊళ్ళలో ఉన్నవాళ్ళకి ఒక మాట. విలేజ్ హెల్త్ క్లినిక్‌లో ఉండే ఎంఎల్‌హెచ్‌పీలు బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్ళు. బీపీ చూపించుకోవడానికే కాదు, మందుల కవరు పట్టుకెళ్ళి "ఇవేంటి?" అని అడగడానికి కూడా వెళ్ళొచ్చు. ఛాతీ నొప్పి, తగ్గని ఆయాసం, మూతి వంకర పోవడం, మాట తడబడటం, స్పృహ తప్పడం కనిపిస్తే మాత్రం యాప్ లేదు, యూట్యూబ్ లేదు, 108.

ఇప్పుడు మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఒక కాగితం ఉంది. అమ్మ చేతిరాత. తేదీ, బరువు, బీపీ, పల్స్, "ఎలా ఉంది" అని ఐదు గడులు. పక్కనే మందుల పట్టిక: కంపెనీ పేరు కాదు, మందు అసలు పేరు, దేనికోసం, ఎప్పుడు, ఎప్పుడు ఆపి ఫోన్ చేయాలి. దాని ఫోటో ఇంట్లో అందరి ఫోన్లలో ఉంది. వారానికి సరిపడా మందులు ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, మేడ మీద పైవాటా వాళ్ళింట్లో ఒకటి ఉంచాం. బుడమేరుని నమ్మలేం కదా. యాప్‌లో ఆటోమేటిక్ ఆర్డర్ తీసేశాను. ప్రతి నెలా స్ట్రిప్పులు తిప్పి చదివాకే ఆర్డర్ పెడుతున్నా.

రాత్రి కాల్‌లో "మందులు వేసుకున్నావా?" అని అడగడం మానేశాను. "ఇవాళ బరువెంత? పల్స్ ఎంత? లేస్తే కళ్ళు తిరిగాయా? అన్నం సయించిందా?" అని అడుగుతున్నా.

మొన్న అమ్మమ్మ విసుక్కుంది: "ఒరేయ్, నా పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని ప్రశ్నలు అడగలేదురా."

ఈ ఆదివారం మీకో చిన్న పని. ఇంటికెళ్ళినవాళ్ళు మందులన్నీ మంచం మీద పరచండి. వెళ్ళలేనివాళ్ళు వీడియో కాల్‌లో పరిపించండి. ఒక్కో స్ట్రిప్పు తిప్పి అసలు పేరు చదవండి. ఒకే పేరు రెండుసార్లు కనిపిస్తే, ఏదీ పారేయకుండా, ముందు డాక్టర్‌కి ఫోన్ చేయండి. పదిహేను నిమిషాల పని. నాకైతే అది చేయడానికి నాలుగు నెలలూ, ఒక బాత్‌రూమ్ గుమ్మమూ పట్టింది.

మళ్ళీ వారం కలుద్దాం.